బరువు తగ్గుదలలో నిలకడ దశ

బాగా బరువు తగ్గిన మనిషికి, తిండిలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేకుండానే, తగ్గుదల వారాల తరబడి ఆగిపోతే దాన్ని నిలకడ దశ అంటారు. డైటీషియన్ల దగ్గరా జిమ్‌ల్లోనూ ‘ప్లాటో’ అనే మాట వాడుకలో ఉంది. ఇళ్లలో ‘ముల్లు కదలడం లేదు’ అంటారు. నాలుగు రోజులో, వారమో బరువు కదలకపోవడం ఈ కోవలోకి రాదు. కనీసం నాలుగు వారాల పాటు సగటు బరువూ, నడుము చుట్టుకొలతా రెండూ మారకుండా ఉంటేనే తగ్గుదల నిజంగా ఆగినట్టు లెక్క.

ఇది జబ్బు కాదు. మనిషిలో పట్టుదల లేదనడానికి రుజువూ కాదు. లోపలికి వచ్చే శక్తి, ఖర్చయ్యే శక్తి కొత్త బరువు దగ్గర సమానమయ్యాయి, అంతే. ఇరవై ముప్పై కిలోలు తగ్గినవారు దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికి చేరతారు. ఎప్పుడు చేరతారన్నది పట్టిన పద్ధతిని బట్టి ఉంటుంది. 2007లో 80 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్షలో, తిండి తగ్గించినవారు సగటున 5 నుంచి 8.5 కిలోలు తగ్గి ఆరో నెల దగ్గర ఆగిపోయారని తేలింది. జీర్ణాశయానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య, సెమాగ్లూటైడ్ సూదిమందు వాడేవారిలో 60 వారాల ప్రాంతంలో తగ్గుదల ఆగుతుంది. అందుకే ‘నాకే ఎందుకిలా’ అని కుమిలిపోయేవారికి ముందుగా చెప్పవలసిన సంగతి ఇది: ఏ దారిన వెళ్లినా చివర బరువు గీత చదునవుతుంది.

ఖర్చు ఎందుకు తగ్గుతుంది

నలభై ఏళ్ల వయసు, 170 సెంటీమీటర్ల ఎత్తు, 104 కిలోల బరువు, రోజంతా కుర్చీలో పని ఉన్న ఒక పురుషుణ్ని ఉదాహరణగా తీసుకుందాం. ఆహార నిపుణులు వాడే మిఫ్లిన్ సూత్రం ప్రకారం అతని శరీరం ఊరికే పడుకుని ఉన్నా రోజుకు 1,900 కేలరీల దాకా ఖర్చు చేస్తుంది. ఆఫీసు పని, కాస్త నడక కలిపితే మొత్తం 2,670 అవుతుంది. రోజుకు 2,000 కేలరీలు తింటే 670 లోటు. మొదటి నెలల్లో బరువు చకచకా దిగడానికి కారణం ఇదే. 82 కిలోలకు వచ్చేసరికి విశ్రాంతి ఖర్చు 1,690కీ, మొత్తం ఖర్చు 2,360కీ దిగుతాయి. అదే 2,000 తింటున్నా లోటు ఇప్పుడు 360 మాత్రమే. చిన్న శరీరాన్ని నడపడానికి, మోయడానికి తక్కువ శక్తి చాలు కాబట్టి ఇలా జరుగుతుంది. దీనికి తోడు శరీరం తనంతట తాను చేసుకునే పొదుపు రోజుకు వంద, నూట యాభై కేలరీలు ఉంటే మిగిలేది రెండు వందల చిల్లర. ఆ మిగిలిన రెండు వందలు ఎలా పోతాయో చూడాలంటే వంటింట్లోకి వెళ్లాలి. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

ఈ విషయంలో జనానికి ఎక్కువ నష్టం చేసింది ఒక పాత లెక్క. 1958లో అమెరికన్ వైద్యుడు మాక్స్ విష్నోఫ్‌స్కీ ఒక పౌను శరీర బరువుకు 3,500 కేలరీలని లెక్కగట్టాడు. కిలోకు దాదాపు 7,700 అన్నమాట. దాన్ని పట్టుకుని, రోజుకు 500 కేలరీలు మానేస్తే ఏడాదికి దాదాపు 24 కిలోలు పోతాయని ఇప్పటికీ చెబుతుంటారు. మొదటి వారాలకు ఆ లెక్క సుమారుగా పనికొస్తుంది. ఏడాదికి పనికిరాదు. బరువు దిగుతున్న కొద్దీ ఖర్చూ దిగుతుందన్న సంగతి అందులో లేదు. 2011లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకుడు కెవిన్ హాల్, ఆయన సహచరులు ‘లాన్సెట్’ పత్రికలో మరో లెక్క చూపించారు. రోజువారీ తిండిలో శాశ్వతంగా 24 కేలరీలు తగ్గించుకుంటే చివరికి ఒక కిలో తగ్గుతుంది. ఆ తగ్గుదలలో సగం రావడానికి ఏడాది, 95 శాతం రావడానికి మూడేళ్లు పడుతుంది. రోజుకు 500 కోతకు వచ్చే ఫలితం, ఈ లెక్కలో, మూడేళ్లకు 20 కిలోలు. మొదటి సలహా ఇచ్చే రోజునే ఈ అంకె చెప్పి పంపితే, ఎనిమిదో నెలలో నిరాశతో అన్నీ వదిలేసేవారు ఎందరో తగ్గుతారు.

శరీరం చేసే పొదుపు గురించి మొదటి గట్టి సాక్ష్యం యుద్ధకాలం నాటిది. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ప్రయోగం చేశాడు. వాళ్లు మనస్సాక్షి ఒప్పక సైన్యంలో చేరనివారు. ఐరోపాలో ఆకలితో మాడుతున్న జనాన్ని తిరిగి ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. 24 వారాల పాటు బంగాళదుంపలు, క్యాబేజీ, టర్నిప్ దుంపలు, రొట్టె వంటివాటితో మునుపటి తిండిలో సగమే పెట్టి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. శరీర బరువులో నాలుగో వంతు పోయింది. ఆ తర్వాత, తిండి సగమే ఉన్నా, తగ్గుదల దాదాపు నిలిచిపోయింది. విశ్రాంతి జీవక్రియ 40 శాతం పడిపోయింది. ఒళ్లు చల్లబడింది, గుండె వేగం మందగించింది, మెట్లెక్కడం భారమైంది. తిండి తప్ప మరో ఆలోచన లేకుండా వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు. 1950లో రెండు సంపుటాలుగా వెలువడిన ఆ నివేదిక ఇవాళ్టికీ ఈ రంగంలో మూలగ్రంథం. అయితే వాళ్లంతా సన్నగా ఉన్న యువకులు. ఊబకాయం నుంచి దిగివచ్చినవారిలో పొదుపు ఇంత ఘోరంగా ఉండదు.

పొదుపును నడిపించేవాటిలో ముఖ్యమైనది లెప్టిన్. కొవ్వు కణాలు విడుదల చేసే ఈ హార్మోనును 1994లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడులోని హైపోథాలమస్ దాన్ని కరువు సూచనగా తీసుకుంటుంది. థైరాయిడ్ హార్మోనుల్లో చురుకైన టీ3 కొంచెం దిగుతుంది, నాడుల ఉత్తేజం తగ్గుతుంది, కండరాలు అదే పనిని తక్కువ ఇంధనంతో చేయడం నేర్చుకుంటాయి. మనకు తెలియకుండానే ఇంట్లో అటూ ఇటూ తిరగడం, నిలబడటం, కాళ్లూచేతులూ కదపడం కూడా తగ్గుతాయి. అదే విశ్వవిద్యాలయంలో రూడాల్ఫ్ లైబెల్, మైఖేల్ రోసెన్‌బామ్, జూల్స్ హర్ష్ 1995లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పది శాతం బరువు తగ్గి దాన్ని నిలబెట్టుకున్నవారి రోజువారీ ఖర్చు, ఆ కొత్త బరువుకు ఉండవలసిన దానికంటే కూడా తక్కువే. ఆ తర్వాతి ప్రయోగాల్లో, అలా తగ్గినవారికి కొద్ది మోతాదులో లెప్టిన్ ఇస్తే ఈ మార్పుల్లో చాలావరకు వెనక్కి మళ్లాయి.

‘జీవక్రియ దెబ్బతింది’ అన్న మాట ప్రచారంలోకి రావడానికి కారణం 2016లో వచ్చిన ఒక అధ్యయనం. అమెరికాలో ‘ది బిగ్గెస్ట్ లూజర్’ అనే టెలివిజన్ పోటీలో పాల్గొన్న 14 మందిని హాల్ బృందం ఆరేళ్ల తర్వాత మళ్లీ పిలిచి కొలిచింది. పోటీ జరిగిన 30 వారాల్లో సగటున 58 కిలోలు తగ్గినవాళ్లు అందులో 41 కిలోలు తిరిగి పెరిగారు. అయినా వాళ్ల విశ్రాంతి ఖర్చు ఉండవలసిన దానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువగానే ఉంది. ఈ ఒక్క అంకెను పట్టుకుని, తగ్గితే జీవక్రియ జన్మలో కోలుకోదని రాసినవాళ్లు చాలామంది. అది తొందరపాటు. ఆ పోటీలో వ్యాయామం, తిండి కోత రెండూ మామూలు మనిషి ఊహకందని స్థాయిలో ఉండేవి. ఆ 14 మందిలో బరువు బాగా నిలబెట్టుకున్నవారు శారీరక శ్రమను బాగా పెంచుకున్నవారేనని తర్వాత తేలింది. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం నుంచి కాటియా మార్టిన్స్ బృందం 2020లో వెలువరించిన ఫలితాల ప్రకారం, బరువు తగ్గాక నాలుగు వారాలు నిలకడగా ఉంచి కొలిస్తే, ఈ అదనపు పొదుపు రోజుకు 50 కేలరీల చుట్టూ మాత్రమే ఉంది. లోటులో ఉన్నప్పుడు కొలిస్తే ఎక్కువగా, నిలకడలో కొలిస్తే తక్కువగా కనిపించే అంకె ఇది. జీవక్రియ నెమ్మదిస్తుంది. పాడైపోదు.

ఆకలి వైపు

నా దృష్టిలో అసలు కథ ఖర్చులో లేదు, ఆకలిలో ఉంది. కేవలం ఖర్చు తగ్గడం వల్లే అయితే, తిండి నియమం అచ్చంగా పాటించే మనిషికి చదును గీత రావడానికి ఏడాది, రెండేళ్లు పట్టాలి. జరుగుతున్నది ఆరు, ఎనిమిది నెలలకే. ఈ తేడాకు జవాబు 2016లో దొరికింది. మూత్రం ద్వారా చక్కెరను బయటకు పంపే ఒక మధుమేహ మందు వాడినవారికి, తాము రోజూ కొన్ని వందల కేలరీలు కోల్పోతున్నామని తెలియదు. వాళ్ల బరువు మార్పును బట్టి, తగ్గిన ప్రతి కిలోకూ ఆకలి రోజుకు దాదాపు 100 కేలరీల మేర పెరుగుతోందని హాల్ బృందం లెక్కగట్టింది. ఖర్చు తగ్గేది మాత్రం కిలోకు 20–30 కేలరీలే. అంటే, వెనక్కి లాగే బలంలో ఆకలి వాటా మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఇరవై కిలోలు తగ్గిన మనిషి ఎంత గుంజాటన మధ్య రోజూ కంచం ముందు కూర్చుంటున్నాడో దీన్ని బట్టి ఊహించవచ్చు. అతన్ని ‘నోరు కట్టుకోలేడు’ అనడం అన్యాయం.

ఈ ఆకలి కొన్నాళ్లకు సర్దుకుంటుందా? 2011లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ పరిశోధకులు పది వారాల పాటు అతి తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించిన 50 మందిని ఏడాది దాకా పరిశీలించారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఏడాది గడిచినా పెరిగే ఉంది. కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తగ్గే ఉన్నాయి. 2024లో జూరిచ్‌లోని స్విస్ సాంకేతిక విశ్వవిద్యాలయం బృందం ఎలుకల్లోనూ, శస్త్రచికిత్సతో బరువు తగ్గిన మనుషుల్లోనూ కొవ్వు కణాలను పరీక్షించి, లావుగా ఉన్ననాటి జన్యు గుర్తులు తగ్గాక కూడా వాటిలో మిగిలి ఉంటాయని చూపించింది.

కాటా చెప్పని సంగతులు

నిలకడ అనుకున్నదంతా నిలకడ కాదు. మనిషి ఒంట్లో నీరు రోజుకు కిలో, కిలోన్నర అటూ ఇటూ మారుతుంటుంది. కాలేయం, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. ఒంటి ద్రవాల్లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది; అదనంగా చేరిన ఉప్పు ఆ మేరకు నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి, ఆవకాయ, అప్పడాలు, బిర్యానీతో ఆదివారం గడిస్తే సోమవారం కాటా మీద కిలో ఎక్కువ చూపించడం వింత కాదు. నెలసరికి ముందు వారం ఆడవాళ్లలో నీరు చేరుతుంది. కొత్తగా బరువులు ఎత్తడం మొదలుపెట్టినప్పుడు కండరాలు కోలుకుంటూ నీరు పట్టుకుంటాయి. మిన్నెసోటా యువకుల కాళ్లు కూడా నీరు పట్టి వాచాయి. కొవ్వు కరుగుతున్నా ఆ నీటి వల్ల తూకం కదలనట్టే కనిపించేది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ నీటి లెక్క తెలియక మోసపోయినవారు చాలామంది. మంతెన సత్యనారాయణ రాజు ప్రచారం చేసిన ఉప్పూ నూనే లేని వంట, 2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారంతో ఇంటింటికీ చేరిన, అన్నం మాని కొవ్వులు తినే పద్ధతి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. కానీ రెండింటిలోనూ మొదటి పది రోజుల్లో దిగే బరువులో నీటి వాటా పెద్దది. మొదటిదానిలో ఉప్పు తగ్గడం వల్ల, రెండోదానిలో గ్లైకోజెన్ ఖాళీ కావడం వల్ల. పది రోజుల్లో నాలుగు కిలోలు పోయాయని మురిసినవారికి మూడో నెలలో నెలకు కిలోన్నర పోతుంటే ఆగిపోయినట్టే అనిపిస్తుంది. ఆ కిలోన్నరే అసలైన కొవ్వు. పద్ధతులు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. మొదటి పక్షం వేగాన్ని కొలబద్ద చేసుకోకూడదన్నది మాత్రం రెండింటికీ వర్తిస్తుంది.

కాబట్టి రోజూ ఉదయం కాలకృత్యాలు ముగించాక, ఏమీ తినకముందు తూచుకుని, ఏడు రోజుల సగటు రాసుకోవడం మేలు. ఆడవాళ్లు నెలసరి చక్రంలోని ఒక వారాన్ని గత నెల అదే వారంతో పోల్చుకోవాలి. టేపుతో బొడ్డు దగ్గర కొలత నెలకు రెండుసార్లు చాలు. బరువు మారకుండా నడుము రెండు సెంటీమీటర్లు తగ్గితే అది నిలకడ కాదు.

వంటింటి లెక్క

1992లో న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి పరిశోధకులు, 1,200 కేలరీలకు మించి తినకపోయినా తగ్గడం లేదని చెప్పిన పదిమందిని పరీక్షించారు. గుర్తుపట్టగల ప్రత్యేక ఐసోటోపులు కలిపిన నీటిని తాగించి, శరీరం నిజంగా ఎంత ఖర్చు చేస్తోందో కొలిచే పద్ధతి వాళ్లది. జీవక్రియ మామూలుగానే ఉంది. తిన్నదాన్ని 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పుకున్నారు. వాళ్లెవరూ అబద్ధం ఆడలేదు. అంచనా వేయడంలో మనుషులంతా ఇంతే. నెలలు గడిచేకొద్దీ గరిటె కొంచెం నిండుగా పడుతుంది, కొలత కొంచెం వదులవుతుంది. ముందు చెప్పిన రెండు వందలు పోయేది ఇక్కడే.

తెలుగు వంటలో జారేది ఎక్కువగా నూనె దగ్గర. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. వేపుడు మూకుడులో రెండు చెంచాలు ఎక్కువ పడితే కంటికి తెలియదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలంది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు మూడున్నర లీటరు ప్యాకెట్లు అన్నమాట. ఆ ఇంట్లో అయిదు ప్యాకెట్లు ఖాళీ అవుతుంటే, తలా రోజుకు పదకొండు గ్రాములు, అంటే వంద కేలరీలు అదనం. నెల మొదట్లో ప్యాకెట్ మీద తేదీ రాసి పెట్టుకుంటే చాలు, ఈ లెక్కకు ఏ యాప్ అక్కర్లేదు. కందిపొడిలో నెయ్యి, పచ్చడి మీద తేలే నూనె, పిల్లలు వదిలేసిన దోసె ముక్క, సాయంత్రం టీతో రెండు బిస్కెట్లు కూడా ఇందులోకే వస్తాయి.

రెండోది అన్నం. వండిన అన్నం వంద గ్రాములకు 130 కేలరీలు. పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి వడ్డించుకునే అలవాటులో మొత్తం ఎంతయిందో కంచం చూపించదు. వంటింటి త్రాసు మీద కంచం పెట్టి, మొత్తం అన్నం ఒకేసారి తూచి పెట్టుకుని, దాన్నే నాలుగు వాయిలుగా తినడం మంచి ఉపాయం. రెండు వారాలు ఇలా తూచి తింటే కంటికి మళ్లీ కొలత అలవాటవుతుంది. జీవితాంతం తూచనక్కర్లేదు.

దాటే మార్గాలు

ముందుగా తేల్చుకోవలసింది, దాటాల్సిన అవసరం ఉందా అన్నది. దక్షిణాసియావారిలో కొవ్వు పొట్టలో ఎక్కువగా చేరుతుంది కాబట్టి మన దేశంలో శరీర బరువు సూచిక (బీఎంఐ) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. నడుము హద్దు మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళల సూచిక 25 లేదా అంతకు మించి ఉంది. వంద కిలోల నుంచి ఎనభైకి దిగినవారికి చక్కెర, రక్తపోటు, కాలేయంలో కొవ్వు అప్పటికే బాగా మెరుగై ఉంటాయి. ఆ పరీక్షలన్నీ సరిగా ఉండి, నడుము హద్దు దగ్గర ఉంటే, ఆగిన చోటే ఏడాది నిలబడటం కూడా పెద్ద విజయమే. పెళ్లి ఫోటోలోని బరువుకు చేరాలన్న పట్టుదల వైద్య కారణం కాదు.

దాటవలసినవారు మొదట చూడవలసింది కండరాన్ని. తగ్గిన బరువులో నాలుగో వంతు దాకా కొవ్వు కాని కణజాలమే ఉండవచ్చు. కండరం పోతే విశ్రాంతి ఖర్చూ పోతుంది. మామూలు మనిషికి జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు చేసేది కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు. బరువు తగ్గుతున్నవారికి 1.2 నుంచి 1.6 దాకా కావాలని నిపుణులు చెబుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా పెంచకూడదు. పలుచని పప్పుచారుతో ఈ అంకె అందదు. గుడ్డుకు ఆరు గ్రాములు, 30 గ్రాముల పప్పుకు ఆరేడు గ్రాములు. రెండు పూటలా గట్టి పప్పు, ఉదయం పెసరట్టు, గుడ్లు లేదా చేప, గిన్నెడు పెరుగు, సెనగలు, సోయా లాంటివి కలిసొస్తేనే 80 కిలోల మనిషికి 100 గ్రాములు అందుతాయి. పైగా మాంసకృత్తులు కడుపు నిండినట్టు ఉంచుతాయి. ముందు చెప్పిన ఆకలితో పోరాటంలో ఇది చేతికందే సాయం.

దానికి జతగా వారంలో రెండు మూడు రోజులు కండరాలకు భారం ఇచ్చే వ్యాయామం కావాలి. గుంజీలు, గోడకు ఆనించి తోసే వ్యాయామం, రబ్బరు పట్టీలు, జిమ్‌లో ఇనుము, ఏదైనా సరే, వారం వారం కొంచెం కష్టం పెరగాలి. మన దగ్గర ఆడవాళ్లకు నడక ఒక్కటే వ్యాయామమన్న భావం బలంగా ఉంది. నలభై దాటాక కండరం తరిగే వయసులో ఈ భావం వాళ్లకు చాలా నష్టం చేస్తోంది. నడక కూడా ముఖ్యమే, మరో కారణంతో. అమెరికా క్రీడా వైద్య కళాశాల 2009లో, తగ్గిన బరువు నిలబడాలంటే వారానికి 200 నుంచి 300 నిమిషాల శ్రమ కావాలంది. కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాది నిలబెట్టుకున్నవారి వివరాలను 1994 నుంచి సేకరిస్తున్న అమెరికా జాతీయ బరువు నియంత్రణ నమోదులో, పదిమందిలో తొమ్మిదిమంది రోజుకు సగటున గంట శ్రమ చేస్తారు. నాలుగింట మూడు వంతుల మంది కనీసం వారానికోసారి తూచుకుంటారు. స్వయంగా పేరు నమోదు చేసుకున్నవారి లెక్క కాబట్టి అందరికీ ఇంతే అని చెప్పలేం.

నిద్ర సంగతి తేలికగా తీసేస్తారు. 2010లో చికాగోలో పదిమందితో చేసిన చిన్న ప్రయోగంలో, అదే తిండి తింటూ రాత్రి అయిదున్నర గంటలే పడుకున్నప్పుడు, ఎనిమిదున్నర గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే కరిగిన కొవ్వు సగానికి పైగా తగ్గింది. కండరం మరింత పోయింది. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవారికి, అమెరికా వేళలతో కాల్స్ మాట్లాడే హైదరాబాద్ ఉద్యోగులకు నిలకడ ఎందుకు తొందరగా వస్తుందో చూసేటప్పుడు కంచం కంటే ముందు గడియారం చూడాలి.

మధ్యలో విరామం ఇవ్వడం మరో పద్ధతి. ఆస్ట్రేలియాలో 51 మంది పురుషులతో జరిగిన ‘మాటడోర్’ అధ్యయనంలో, రెండు వారాలు కోత, రెండు వారాలు ఖర్చుకు సమానమైన తిండి చొప్పున సాగినవారు, ఏకధాటిగా కోత పాటించినవారికంటే ఎక్కువ తగ్గారు. కోత వారాలు రెండు గుంపులకూ సమానమే. తర్వాతి పరిశీలనలన్నిటిలో ఇంత తేడా కనిపించలేదు. అయినా నెలల తరబడి లోటులో అలసినవారికి, రెండు వారాలు నిలకడ తిండి తిని మళ్లీ మొదలుపెట్టడం మనసుకు ఊరట. విరామమంటే పండగ తిండి కాదు, ఆ వారాల్లోనూ కొలత ఉండాలి. రోజులో ఎనిమిది గంటల్లోపే తినడం గురించి చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మందితో ఏడాది పాటు పరీక్షించారు. కేలరీలు సమానంగా తగ్గించినప్పుడు వేళల నియమం వల్ల అదనంగా చెప్పుకోదగ్గ లాభం రాలేదని 2022లో ప్రకటించారు. రాత్రి చిరుతిళ్లు మానడానికి ఉపయోగపడితే మంచిదే.

జీలకర్ర నీళ్లు, గ్రీన్ టీ, కొవ్వు కరిగించే పొడులు నిలకడను దాటించవు. థైరాయిడ్ సరిగా ఉన్నవారు బరువు కోసం థైరాయిడ్ మాత్రలు మింగడం గుండెకూ ఎముకలకూ ప్రమాదం.

కొన్నిసార్లు కారణం మందుల పెట్టెలో ఉంటుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి చక్కెర మందులు, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యపు మందులు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ బరువు పెంచుతాయి. వాటిని సొంతంగా మానకూడదు. ప్రత్యామ్నాయం ఉందేమో అడగాలి. హైపోథైరాయిడ్, అండాశయాల్లో నీటితిత్తుల సమస్య, నిద్రలో ఊపిరి ఆగడం వంటివి ఉన్నాయేమో ఒకసారి పరీక్ష చేయించడం సబబు.

మందులు, శస్త్రచికిత్స

ఇన్ని చేసినా సూచిక ఎక్కువగానే ఉండి, మధుమేహం వంటివి వెంటాడుతుంటే, వైద్య సాయం తీసుకోవడం ఓటమి కాదు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనే వారానికోసారి వేసుకునే సూదిమందులు సరిగ్గా ఆకలి మీదే పనిచేస్తాయి. వెనక్కి లాగే బలాన్ని సడలించి, చదును గీతను కిందికి జరుపుతాయి. 2021లో వెలువడిన ప్రయోగంలో సెమాగ్లూటైడ్‌తో 68 వారాల్లో సగటున 14.9 శాతం, 2022లో టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 72 వారాల్లో 20.9 శాతం బరువు తగ్గింది. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం వాడే సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చాయి. ఆపేస్తే ఆకలి తిరిగొస్తుంది. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. మొదలుపెట్టే ముందే, ఎన్నేళ్లు వాడాలి, నెలకు ఎంతవుతుంది అన్నది కుటుంబంతో కూర్చుని తేల్చుకోవాలి.

శస్త్రచికిత్స విషయంలో 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియావారికి హద్దును 27.5 సూచికకు దించాయి. 1987లో మొదలైన స్వీడన్ దీర్ఘకాల అధ్యయనంలో, శస్త్రచికిత్స చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో అడుగుకు చేరి, తర్వాత కొంత పెరిగి, ఆపైన ఏళ్ల తరబడి నిలకడగా ఉన్నారు. ఆ కొంత పెరగడం మామూలే. ఆపరేషన్ చెడిపోయిందని భయపడనక్కర్లేదు.

ఎప్పుడు ఆగాలి

నిలకడ వచ్చిందని రోజుకు 1,200 కేలరీల నుంచి 900కి, 900 నుంచి 700కి దిగేవారు ఉన్నారు. వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఇది చేయకూడదు. వారానికి కిలోన్నరకు మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్లు పడే ముప్పు పెరుగుతుంది. చలి వేస్తూ ఉండటం, జుట్టు గుప్పెళ్లుగా రాలడం, నెలసరి తప్పడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, రోజంతా తిండి గురించే ఆలోచన, తిన్నాక వాంతి చేసుకోవాలనిపించడం కనిపిస్తే కోత అక్కడితో ఆపాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, కండరం తరిగిన వృద్ధులు ఈ దశను దాటే ప్రయత్నం చేయకూడదు. పై లక్షణాలు కనిపించినవారికి వైద్యులు ముందుగా ఆహారం పెంచుతారు. రక్తహీనత సరిదిద్ది, నెలసరి తిరిగి వచ్చి, బలం కోలుకున్నాక, అప్పటికీ అవసరముంటేనే తగ్గించే సంగతి చూస్తారు.